తంపర ఎవరి లెక్కలో?

రెవెన్యూ రికార్డుల భాషలో సాగులేని నేల బంజరు, పోరంబోకు. నౌపడ, కాకరాపల్లి చుట్టూ వున్న జనం ఆ పల్లపు నేలని తంపర అంటారు. సోంపేట వైపు బీల అంటారు. మొదటిది శిస్తు వసూలు చేసేవాడి చూపు. రెండోది అక్కడ బతికేవాడి చూపు.

తంపర చేసే పనేమిటి? వానాకాలంలో కొండల నుంచి దిగే గెడ్డల నీళ్లు పల్లంలో పరుచుకుంటాయి. వరద వేగం తగ్గుతుంది, వండ్రు దిగుతుంది. కొంత నీరు ఇంకుతుంది, మిగిలింది క్రీకు గుండా సముద్రంలో కలుస్తుంది. చేప పెరుగుతుంది, పశువుకి గడ్డి దొరుకుతుంది. తేలినీలాపురం వచ్చే గూడబాతులకి మేతా ఈ తడినేలల్లోనే. నౌపడ ఉప్పుకి బస్తా లెక్కన ధర వుంది. కూరకి పట్టుకున్న చేపకి, ఊరి మీద పడకుండా ఆగిన వరదకి బిల్లు లేదు. బిల్లు లేనిదానికి విలువే లేదనుకోవడం మన ప్రణాళికల్లో పాత జబ్బు.

1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం 'నేచర్' పత్రికలో ఒక లెక్క వేసింది. దాని ప్రకారం చిత్తడి నేలలు, వరద మైదానాలు ఏటా హెక్టారుకి ఇచ్చే సేవల విలువ సగటున 19,580 డాలర్లు. సాగుభూమికి వచ్చింది 92. ఇది ప్రపంచ సగటు. నౌపడకి దీన్ని యథాతథంగా అంటించలేం. కానీ 'పనికిరాని నేల' అనే మాటని ఈ లెక్క నిలవనివ్వదు.

ఇలాంటి లెక్కల్లోనూ ఒక తిరకాసు వుంది. చాలావాటికి ఆధారం 'ఈ సేవకి నువ్వెంత చెల్లిస్తావు?' అన్న ప్రశ్న. చేతిలో డబ్బు లేని కూలీ ఏం చెల్లిస్తాడు? చిన్న అంకె చెబుతాడు. అంటే ఎవరికి తంపర ఎక్కువ అవసరమో, లెక్కలో వాళ్ల గొంతే తక్కువ. సెంటు భూమి లేని దళితుడికి, వేటకెళ్లే మత్స్యకారుడికి అది కూడూ, కరువులో ఆసరా కూడా. పట్టా వున్నవాడికి మరో చేను వుంటుంది.

చట్టమూ పట్టా చుట్టూనే తిరిగింది. నీటి వనరుల మీద బతికే కుటుంబాలనీ, భూమిలేని కూలీలనీ బాధితులుగా గుర్తించింది 2013 భూసేకరణ చట్టం. అయితే ప్రభుత్వం తన పోరంబోకునే బదలాయిస్తే 'సేకరించిందేమీ లేదు' అనేస్తుంది.

ఈ నేలల్లో థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ జనం ఆర్థికశాస్త్రం చదివి రోడ్డెక్కలేదు. పోయేదేమిటో వాళ్లకి తెలుసు, అంతే.

కాబట్టి లెక్క మనమే వెయ్యాలి. ఏ ఇల్లు, ఏ నెలలో, తంపర నుంచి ఏం తెచ్చుకుంటోంది? ఏ కులం ఇల్లు? పట్టా వుందా? ఏ వానకి నీరు ఎంతవరకూ వచ్చింది? ఇవి ఊళ్లోనే, ఊరివాళ్ల నోటితోనే రాయాలి. ప్రజాభిప్రాయ సేకరణ సభలో కంపెనీ నివేదిక పక్కన ఈ కాగితం కూడా వుండాలి. అప్పుడే 'అక్కడేముంది, బురదే కదా' అన్నవాడికి జవాబు దొరుకుతుంది.