గట్టు మీది చింతలు, బేగంబజార్ కాంటా

మా ఎకరంన్నర చేని గట్టున రెండు చింతచెట్లున్నాయి. వాటి పండే మా పిల్లల బడి ఫీజు. మార్చి వచ్చిందంటే కాయ దులిపి, పెచ్చు తీసి, ఎండబెట్టి, రాత్రుళ్లు ఇంటిల్లిపాదిమీ కూర్చుని గింజ కొడతాము. పులుపుకు వేళ్లు పొక్కుతాయి. ఆ కూలి మాత్రం మేమెన్నడూ లెక్క కట్టలేదు. మీలో ఎందరు కట్టారు?

ఒక వేసవిలో ఊరి దళారి చెప్పిన ధర నచ్చక, రెండు బస్తాలు బస్సు మీద వేసుకొని హైదరాబాదు బేగంబజార్ వెళ్లాము. మిరప ఘాటుకు తుమ్ములాగలేదు. ఒక సేఠ్ ముద్ద చీల్చి, అరచేతిలో నొక్కి, "తేమ ఉందమ్మా" అన్నాడు. నిజమే, రెండెండలు తక్కువైనవి. తరుగు తీశారు. కమీషను, హమాలీ, బస్సు చార్జీలు పోగా ఊరి ధర కంటె మిగిలింది లేదు. వద్దందామంటే పొద్దు గూకుతోంది, బస్తాలు తిరిగి మోసుకుపోయే ఓపిక లేదు. ఆ సంగతి సేఠ్‌కు తెలుసు. ఆ యేడు పెద్దపిల్ల ఫీజుకు సంఘంలో ఒకరి దగ్గర చేబదులు తీసుకున్నాము.

కూరగాయలవారికి 1999 నుండి రైతుబజార్లున్నాయి. గుర్తింపు కార్డుతో నేరుగా అమ్ముకుంటారు, కమీషను లేదు. మా చింతపండుకు పెద్ద బేరమంటే బేగంబజారే.

మరుసటి యేడు గలగలలాడేదాకా ఎండబెట్టి, ముందు కిలో పండు మాత్రమే సంచిలో తీసుకెళ్లాము. నాలుగు దుకాణాలు తిరిగి, ధర కుదిరాకే బస్తాలు కదిపాము. గింజలు కూడా పారవేయలేదు. గంజిపొడికి అవీ కొంటారు.