పాల్వంచ పాత ప్లాంటు

కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పేరులోనే కొత్తగూడెం. అది ఉన్నది పక్కనే పాల్వంచలో, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో. అందరూ కేటీపీఎస్ అని పిలిచే ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 1966లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ యూనిట్‌తో పాటు తర్వాత పన్నెండేళ్లలో వచ్చిన మరో ఏడు యూనిట్లూ 2020 మార్చి నెలాఖరుకు పూర్తిగా మూతపడ్డాయి. స్థానికులు 'పాత ప్లాంటు' అనేది, ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో కాగితాల్లో 'ఓ అండ్ ఎం'గా కనిపించేది ఈ ఎనిమిదింటినే.

పాల్వంచను ఎంచుకోవడానికి మొదటి కారణం సింగరేణి బొగ్గు. కొత్తగూడెం, ఇల్లందు గనులు దగ్గరలోనే ఉన్నాయి. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంత బూడిదను కూడా మోస్తూ బొగ్గును రైళ్లలో నగరాల దాకా తరలించడం కంటే గని పక్కనే కాల్చి, కరెంటును తీగల మీద పంపడం చవక. రెండో కారణం నీళ్లు. గోదావరిలో కలిసే కిన్నెరసాని మీద జలాశయం కట్టింది ప్రధానంగా ఈ కేంద్రం అవసరాల కోసమే. ఇప్పుడు పర్యాటకులు బోటు షికారు చేసే ఆ జలాశయం, అసలు బాయిలర్ల దాహం తీర్చడానికి పుట్టిందన్న సంగతి చాలామందికి తట్టదు.

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ముందుగా 60 మెగావాట్ల యూనిట్లు నాలుగింటిని 1966, 1967 సంవత్సరాల్లో నడిపించింది. ఇది 'ఎ' స్టేషన్. 1974 నుంచి 1978 మధ్య 'బి', 'సి' స్టేషన్ల కింద 120 మెగావాట్ల యూనిట్లు నాలుగు వచ్చాయి. మొత్తం 720 మెగావాట్లు. ఇప్పటి లెక్కల్లో ఇది ఒక పెద్ద యూనిట్ కన్నా తక్కువే కానీ, పల్లెలకు అప్పుడప్పుడే స్తంభాలు పాతుతూ, వ్యవసాయ బావులకు మోటార్లు బిగిస్తున్న కాలానికి అది పెద్ద అండ.

అక్కడి ఉద్యోగాలు కూడా పెద్ద విషయమే అయ్యాయి. ముల్కీ నిబంధనల ప్రకారం స్థానికులకు రావలసిన కొలువులు బయటివారికి పోతున్నాయన్న అసంతృప్తి ఈ కేంద్రంలో రాజుకుంది. 1969 తెలంగాణ ఉద్యమానికి తొలి నిప్పు పడిన చోట్లలో పాల్వంచ ఒకటి. రాష్ట్రానికి వెలుగునిచ్చే కేంద్రం రాష్ట్ర రాజకీయాలనూ వేడెక్కించిందన్నమాట.

లోపల జరిగే పని సూత్రంగా చూస్తే నీళ్లు మరిగించడమే. వ్యాగన్లలో వచ్చిన బొగ్గును క్రషర్లలో ముక్కలు చేసి, కన్వేయర్ బెల్టుల మీద బంకర్లకు ఎక్కిస్తారు. అక్కడి నుంచి మిల్లుల్లోకి దిగి అది ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తగా నలుగుతుంది. వేడి గాలి ఆ పొడిని బాయిలర్లోకి ఊదుతుంది. గోడల వెంట ఉన్న గొట్టాల్లో నీరు ఆవిరై, 500 డిగ్రీలు దాటిన వేడితో టర్బైన్ మీదికి దూసుకెళ్తుంది. టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. అందులో తేడా వస్తే గ్రిడ్‌కు కావలసిన 50 సైకిళ్ల లయ తప్పుతుంది.

పని చేసి అలసిన ఆవిరిని కండెన్సర్‌లో మళ్లీ నీరుగా మార్చి బాయిలర్‌కు పంపుతారు. ఆ ఆవిరిని చల్లార్చడంలో తాము వేడెక్కిన నీళ్లను చల్లబరిచేవే కూలింగ్ టవర్లు. నడుం సన్నగా, పైన, కింద వెడల్పుగా ఉండే ఆ కాంక్రీటు గోపురాల నుంచి లేచే తెల్లటి మేఘాన్ని పొగ అనుకోవడం మామూలే. నిజానికి అది నీటి ఆవిరి. పొగ వెళ్లేది చిమ్నీ నుంచి. బొగ్గులోని వేడిలో మూడో వంతు కూడా పాత యూనిట్లలో కరెంటుగా మారేది కాదు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఈ టవర్ల నుంచే ఆకాశంలో కలిసిపోయేది. ఇది యంత్రంలో లోపం కాదు, ఆవిరితో పనిచేయించుకునే ఏ కేంద్రానికైనా తప్పని ఖర్చు. అయితే యంత్రం పాతబడే కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది.

ఇలాంటి పాత యూనిట్లలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు ముప్పాతిక కిలో బొగ్గు కాలుతుంది. ఆ లెక్కన 720 మెగావాట్లూ పూర్తి లోడు మీద నడిచిన రోజున పన్నెండు వేల టన్నులకు పైగా బొగ్గు, నాలుగు వేల టన్నులకు పైగా బూడిద. పొగలోని సన్నటి బూడిదను విద్యుదావేశంతో పట్టే ఈఎస్పీలు ఉంటాయి. అవి సరిగా పనిచేయని రోజున చుట్టుపక్కల డాబాల మీద, ఆరేసిన బట్టల మీద బూడిద పడుతుంది. పట్టిన బూడిదను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. ఎండాకాలంలో చెరువు ఎండితే అదే బూడిద గాలికి మళ్లీ లేస్తుంది. థర్మల్ కేంద్రం ఉన్న ఏ ఊరి ఫిర్యాదైనా సాధారణంగా ఈ రెండు చోట్ల నుంచే మొదలవుతుంది.

బొగ్గు కేంద్రానికి లెక్కగట్టే ఆయుష్షు 25 ఏళ్లు. పాల్వంచ పాత యూనిట్లు మరమ్మతులతో, ఆధునికీకరణతో నలభై, యాభై ఏళ్లు లాగాయి. ఇంజినీర్ల, కార్మికుల పనితనం అందులో చాలా ఉంది. అయినా బాయిలర్ గొట్టాలు తరచూ చిల్లులు పడడం, విడిభాగాలు దొరక్కపోవడం, యూనిట్ ట్రిప్ అయితే మళ్లీ లైటప్ చేయడానికి ఆయిల్ తగలేయడం భారమయ్యాయి. గ్రిడ్‌లో చవక కరెంటుకే ముందు చోటు. ఎక్కువ బొగ్గు తిని తక్కువ ఇచ్చే యూనిట్ వరసలో వెనక్కి పోతుంది. దీనికి తోడు 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ దుమ్ము, గంధక, నత్రజని వాయువులు, నీటి వాడకంపై కొత్త పరిమితులు పెట్టింది. యాభై ఏళ్ల యూనిట్‌కు కోట్లు పోసి కొత్త పరికరాలు బిగించడం ఎవరికీ గిట్టుబాటు కాని పని.

మూతకు దారి తీసిన అసలు కాగితం మాత్రం వేరు. కేటీపీఎస్‌లో ఏడో దశగా 800 మెగావాట్ల కొత్త యూనిట్‌కు పర్యావరణ అనుమతి వచ్చినప్పుడే, పాత యూనిట్లను ఆపేయాలన్న షరతు పడింది. ఆ యూనిట్ 2018 డిసెంబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. మరుసటి ఏడాది నుంచి పాతవి విడతలుగా ఆగిపోయాయి. ఉద్యోగుల్లో చాలామందిని జెన్‌కో ఇతర కేంద్రాలకు సర్దింది. కొత్తది సూపర్ క్రిటికల్ రకం. ఎక్కువ పీడనంలో, ఎక్కువ వేడిలో నడుస్తుంది కాబట్టి అంతే కరెంటుకు తక్కువ బొగ్గు చాలు. ఎనిమిది యూనిట్ల పని ఒక్కటే చేస్తోంది. మనుషులూ తక్కువే కావాలి.

కాబట్టి పాల్వంచ మూతను బొగ్గుకు వీడ్కోలుగా చూడడం పొరపాటు. బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపినప్పుడు ఆ దేశ గ్రిడ్ నుంచే బొగ్గు తప్పుకుంది. ఇక్కడ బొగ్గు ఒక బాయిలర్ నుంచి ఇంకో బాయిలర్‌లోకి మారింది. 1997-98లో వచ్చిన 250 మెగావాట్ల రెండు యూనిట్లు, 2011 నాటి 500 మెగావాట్ల యూనిట్ కూడా అదే ప్రాంగణంలో నడుస్తూనే ఉన్నాయి.

ఆగిన ప్లాంటును విప్పడం మళ్లీ ఒక పెద్ద పని. ఆయిల్, రసాయనాలు తీసేయాలి. పక్కన నడుస్తున్న యూనిట్ల నీటి గొట్టాలకు, కేబుళ్లకు దెబ్బ తగలకుండా పాతవాటిని వేరుచేయాలి. టర్బైన్లు, రాగి తీగలు, బాయిలర్ ఉక్కు తుక్కు కింద టెండరులో పోతాయి. వంద మీటర్లు దాటిన కూలింగ్ టవర్లను మాత్రం ముక్కముక్కగా విప్పడం కష్టం. అందుకే అడుగు స్తంభాలకు రంధ్రాలు చేసి, పేలుడు పదార్థాలు నింపి, 2024 ఆగస్టు 5న ఎనిమిది టవర్లనూ విడతల వారీగా కూల్చారు. ఒక్కో విడతా కొన్ని సెకన్లలోనే ముగిసింది. పాల్వంచకు దూరం నుంచే గుర్తుగా కనిపించే టవర్లు కావడంతో జనం మేడలెక్కి చూశారు.

ఉక్కు అమ్ముడవుతుంది, కాంక్రీటును ఎత్తేయవచ్చు. బూడిద అంత తేలిగ్గా పోదు. సిమెంటు ఫ్యాక్టరీలు, ఇటుక బట్టీలు, రోడ్ల గట్లు కొంత తీసుకుంటాయి. దూరం పెరిగితే లారీ కిరాయి ఎక్కువై వాళ్లూ వెనకాడతారు. 2021 డిసెంబరు 31న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దేశంలోని థర్మల్ కేంద్రాలన్నీ చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్లలో దశలవారీగా వాడేయాలి, లేదా ఆ చెరువును గట్టిపరిచి మొక్కలు పెంచాలి. గడువులోగా వాడని బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల చొప్పున పరిహారం కట్టాలి.