గొంతు ఎవరిది? పేరు ఎవరిది?

మన హాస్టల్ వార్షికోత్సవం అంటే ముందుగా గుర్తొచ్చేది సౌండ్ బాక్సులు, డాన్సులు. ఒక ఏడాది తమ్ముళ్లు ‘రాస్‌పుటిన్’ అనే ఇంగ్లిష్ పాట పెట్టి స్టేజీ అదిరేలా స్టెప్పులు వేశారు. పాడింది ఎవరని అడిగితే ‘బోనీ ఎం’ అన్నారు. అది ఒక బృందం పేరు. అందులో పాడిన మనిషి పేరు మాలో ఒక్కరికీ తెలియదు. పీజీలో చేరాక వెతికి తెలుసుకున్నాం. ఆ విషయాలను ఈ సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాం.

బోనీ ఎం పాటల్లో ఎక్కువగా వినిపించే ఆడగొంతు లిజ్ మిచెల్‌ది. ఆమె 1952 జూలై 12న జమైకా దేశంలోని క్లారెండన్ ప్రాంతంలో పుట్టింది. జమైకా కరీబియన్ సముద్రంలోని చిన్న ద్వీపం. చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లజాతి వారి సంతతే అక్కడ ఎక్కువ. బానిసత్వం రద్దయ్యాక 1845 నుంచి మన దేశం కూలీలను కూడా ఓడల్లో అక్కడికి తీసుకెళ్లారు. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనివాళ్లు కావలసి వచ్చి, ఎందరో జమైకా వాసులు అక్కడి బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనికి కుదిరారు. లిజ్ కూడా 11 ఏళ్ల వయసులో లండన్ చేరింది. తర్వాత పాటను నమ్ముకుని జర్మనీ వెళ్లింది. అక్కడ ‘హెయిర్’ అనే సంగీత నాటకంలోనూ, లెస్ హంఫ్రీస్ సింగర్స్ అనే బృందంలోనూ పాడింది.

డిస్కో అంటే ఏమిటి?

డిస్కో 1970లలో అమెరికా నగరాల్లోని డాన్సు క్లబ్బుల్లో పుట్టింది. అక్కడ నల్లజాతి వారు, లాటిన్ అమెరికా నుంచి వచ్చిన వారు ఎక్కువగా చేరేవారు. దాని కిటుకు చాలా సులువు. తాళంలో నాలుగు దెబ్బలుంటే నాలుగింటికీ పెద్ద డ్రమ్ము సమంగా మోగుతుంది. నిమిషానికి దాదాపు 120 దెబ్బలు. అందుకే డాన్సు రానివాడి కాలు కూడా తనంతట తానే కదులుతుంది. ఈ సంగీతం జర్మనీ స్టూడియోలకూ చేరింది.

ఫ్రాంక్ ఫారియన్ జర్మన్ నిర్మాత. మొదట వంటపని నేర్చినవాడు. ‘బోనీ ఎం’ అనే పేరు పెట్టి ఒక పాటను తన గొంతుతోనే రికార్డు చేశాడు. పాట అమ్ముడుపోయింది. టీవీ వాళ్లు బృందాన్ని చూపించమన్నారు. బృందం ఉంటేగా! అప్పుడు మనుషులను వెతికాడు. జమైకా నుంచి మార్షియా బారెట్, మాంట్సెరాట్ నుంచి మేజీ విలియమ్స్, అరూబా నుంచి బాబీ ఫారెల్, 1976లో లిజ్ మిచెల్ చేరారు. నలుగురూ కరీబియన్ దీవుల వాళ్లే, నలుగురూ పరాయి దేశంలో బతుకు వెతుక్కుంటున్న వాళ్లే.

రికార్డుల్లో పాడింది మాత్రం లిజ్, మార్షియా, ఫారియన్. బాబీ స్టేజీ మీద అద్భుతంగా ఆడేవాడు. కానీ అతని పెదవుల మీద వినిపించే లోతైన గొంతు ఫారియన్‌ది. మన సినిమాల్లో ఘంటసాల గారు పాడితే రామారావు గారు పెదవులు కలిపేవారు కదా, ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. మన సినిమాలో నేపథ్య గానం అని గాయకుడి పేరు తెర మీద పడుతుంది. ఇక్కడ చూసేవాళ్లు అది బాబీ గొంతే అనుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది. ఇదే ఫారియన్ తర్వాత మిల్లి వనిల్లి అనే జంటతో ఇలాగే చేశాడు. సంగతి బయటపడి 1990లో వాళ్ల గ్రామీ బహుమతిని వెనక్కి తీసుకున్నారు.

బబులోను నదుల పాట

1978లో వచ్చిన ‘రివర్స్ ఆఫ్ బాబిలోన్’ బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అక్కడే దాదాపు 20 లక్షల రికార్డులు అమ్ముడయ్యాయి. చర్చికి వెళ్లే మన మిత్రులకు దాని మూలం తెలిసే ఉంటుంది. అది 137వ కీర్తన. చెరపట్టి తెచ్చినవారే పాట పాడమని అడిగితే, పరాయి నేల మీద ఎలా పాడతామని బందీలు విలపించే కీర్తన. దాన్ని జమైకాలో పాటగా కట్టింది మెలోడియన్స్ బృందంలోని బ్రెంట్ డోవ్, ట్రెవర్ మెక్‌నాటన్. బోనీ ఎం కంటే ముందే 1970లో వాళ్లు దాన్ని రికార్డు చేశారు. బానిసల సంతతికి బబులోను అంటే తమను అణచిన రాజ్యమే. మన కాలు కదిలించిన డిస్కో పాట వెనుక ఇంత దుఃఖం ఉంది. అదే రికార్డు రెండో వైపున్న ‘బ్రౌన్ గర్ల్ ఇన్ ది రింగ్’ కరీబియన్ పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడుకునే ఆటపాట. దాన్ని కట్టింది ఫలానావారని ఎవరూ చెప్పలేరు.

1978 డిసెంబరులో బోనీ ఎం మాస్కోలో కచేరీలు చేసింది. ‘రాస్‌పుటిన్’ పాటను మాత్రం అక్కడ పాడలేదు. 1986లో బృందం విడిపోయింది. తర్వాత అదే పేరుతో వేర్వేరు బృందాలు తిరిగాయి. బాబీ ఫారెల్ 2010 డిసెంబరు 30న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశాడు. ఫారియన్ 2024 జనవరిలో మరణించాడు. లిజ్ మాత్రం బృందం విడిపోయాక కూడా బోనీ ఎం పాటలను తన సొంత పేరు జోడించి స్టేజీ మీద పాడుతూ వచ్చింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మా ఊళ్లో నాట్లప్పుడు మా అమ్మలు పాడే పాటలను ఒకసారి ఎవరో వచ్చి రికార్డు చేసుకుని పోయారు. తర్వాత ఆ పాట ఒకటి బయట వినిపించింది. పాడిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అమ్మను అడిగితే ‘పాట ఎవరిదైతేనేం బిడ్డా’ అని నవ్వింది. అప్పుడు మాకు జవాబు తోచలేదు. లిజ్ మిచెల్ కథ చదివాక తోచింది. గొంతు ఉన్నచోట పేరు కూడా ఉండాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. చదువు నేర్చినందుకు ఈ ఒక్క పనైనా చేద్దాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పాటను నోటుబుక్కులో రాసుకోండి. పైన పాట పేరు, కింద అమ్మ పేరు, ఊరి పేరు రాయండి. వచ్చే ఏడాది సంచికకు పంపండి. పేర్లతో సహా అచ్చు వేసుకుందాం.