పెండ్లి బ్యాండులో ఊదే శాక్సోఫోన్ కచేరీ ఎక్కిందెలా? కద్రి గోపాల్‌నాథ్ ఏం చేశారు?

గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీ.. కోల్‌బెల్టులో పెండ్లి బరాత్ అంటే బ్యాండు ఉండాల్సిందే. ఇప్పుడు డీజే బాక్సులు వచ్చి బ్యాండుకు గిరాకీ తగ్గింది కానీ, ఇత్తడి రంగులో మెరుస్తూ కింద వంకర తిరిగి ఉండే ఆ వాద్యం మాత్రం అందరికీ గుర్తే. అదే శాక్సోఫోన్.

సినిమా పాటలు ఊదడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని చాలామంది అనుకునే ఈ వాద్యంతో ఒకాయన త్యాగరాజ కీర్తనలు వాయించారు. అమెరికా జాజ్ కళాకారులతో ఒకే స్టేజ్ ఎక్కారు. పద్మశ్రీ అందుకున్నారు. ఆయనే కద్రి గోపాల్‌నాథ్. మనది కాదన్న వాద్యాన్ని ఆయన మనదిగా ఎలా చేశారు? జాజ్ సంగీతానికి ఇందులో పాత్ర ఏంటి? చూద్దాం.

అసలు శాక్సోఫోన్ ఎక్కడిది?

బెల్జియంకు చెందిన అడాల్ఫ్ శాక్స్ దీన్ని తయారుచేశారు. 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నారు. ఆయన పేరు మీదే దానికి శాక్సోఫోన్ అని పేరొచ్చింది. చూడ్డానికి ఇత్తడి బాకాలా ఉన్నా, శబ్దం పుట్టేది నోటి దగ్గర ఉండే సన్నని రీడ్ నుంచి. ఆ లెక్కన ఇది ట్రంపెట్‌కు కాదు, క్లారినెట్‌కు చుట్టం. అందుకే క్లారినెట్ వచ్చినవాళ్లు శాక్సోఫోన్ కూడా తొందరగా పట్టుకుంటారు.

మొదట్లో ఇది మిలిటరీ బ్యాండ్ల వాద్యం. దానికి ప్రపంచమంతా పేరు తెచ్చింది మాత్రం అమెరికాలోని నల్లజాతి సంగీతకారుల జాజ్. ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ నగరంలో బ్యాండ్లు ఊరేగింపుల్లో, శవయాత్రల్లో వీధుల వెంట వాయించుకుంటూ వెళ్లేవి. ఆ ఊళ్లోనే పుట్టిన సిడ్నీ బెషే క్లారినెట్‌తో మొదలుపెట్టి, తర్వాత సోప్రానో శాక్సోఫోన్‌తో ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. అంటే ఇవాళ పెద్ద పెద్ద ఆడిటోరియాల్లో వినిపించే జాజ్ కూడా ఒకప్పుడు వీధి బ్యాండు నుంచి ఎదిగిందే.

మన దేశానికి ఎలా వచ్చింది?

మిలిటరీ బ్యాండ్లు, రాజుల ప్యాలెస్ బ్యాండ్ల ద్వారా ఈ వాద్యాలు ఇక్కడికి చేరాయి. క్లారినెట్ ముందుగానే, 19వ శతాబ్దంలోనే దక్షిణాదిలో నాట్య బృందాల్లోకి వచ్చేసింది. తర్వాత తమిళనాడుకు చెందిన ఎ.కె.సి. నటరాజన్ దాన్ని పూర్తి స్థాయి కర్ణాటక కచేరీ వాద్యంగా నిలబెట్టారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

శాక్సోఫోన్ దారి వేరు. 1930ల్లో బొంబాయి తాజ్ హోటల్‌లో లియోన్ అబే లాంటి నల్లజాతి కళాకారుల జాజ్ బ్యాండ్లు వాయించాయి. గోవా కళాకారులు ఆ సంగీతం నేర్చుకుని హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి తీసుకెళ్లారు. 1969లో వచ్చిన హిందీ ‘ఆరాధన’ సినిమా పాటల్లో మనోహరి సింగ్ వాయించిన శాక్సోఫోన్ దేశమంతా వినిపించింది. అలా హోటల్, సినిమా, పెండ్లి బ్యాండు.. ఈ మూడే దాని అడ్డాలయ్యాయి. శాస్త్రీయ సంగీతం గడప మాత్రం తొక్కలేదు.

ఎవరీ గోపాల్‌నాథ్?

1949 డిసెంబర్ 6న కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లా, బంట్వాళ తాలూకా సజీపమూడలో పుట్టారు. తండ్రి తనియప్ప నాదస్వర విద్వాంసుడు. మొదటి పాఠాలు ఆయన దగ్గరే, నాదస్వరం మీదే. ఓసారి మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విన్నారు. ఇక ఆ కుర్రాడి మనసు దాని మీదే పడింది. మంగళూరు కళానికేతనంలో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ దగ్గర కర్ణాటక సంగీతాన్ని శాక్సోఫోన్ మీద సాధన చేశారు. తర్వాత మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ ఆయన ప్రతిభను గుర్తించి మరింత సానబెట్టారు.

ఈ వాద్యం పూర్తిగా చేతిలోకి రావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

ఎందుకంత టైమ్ పట్టింది?

అసలు చిక్కంతా గమకంలో ఉంది. కర్ణాటక సంగీతంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లు ఎక్కినట్టు దూకితే కుదరదు. జారాలి, ఊగాలి, మధ్యలో ఉండే సన్నని తేడాలు పలకాలి. నాదస్వరంలో రంధ్రాలు తెరిచే ఉంటాయి. వేలితో సగం మూసి, కొద్దిగా జరిపి ఆ ఊపు తీసుకురావచ్చు.

శాక్సోఫోన్‌లో ఆ వీలు లేదు. రంధ్రాల మీద మూతలు ఉంటాయి. వేలు నొక్కేది మీటను, రంధ్రాన్ని కాదు. నొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం. కాబట్టి గమకం మొత్తం పెదవుల బిగింపు, దవడ కదలిక, ఊపిరి ఒత్తిడి, మీటను నెమ్మదిగా వదిలే తీరుతోనే రాబట్టాలి. గోపాల్‌నాథ్ ఈ పద్ధతినే ఏళ్ల తరబడి సాధన చేశారు. తన అవసరానికి తగ్గట్టు వాద్యంలోనూ మార్పులు చేయించుకున్నారు.

అప్పటికి విద్వాంసుల్లో చాలామందికి ఇది విదేశీ బాకానే. కానీ కచేరీలో గమకం స్పష్టంగా వినిపించాక ఆ అభ్యంతరానికి బలం తగ్గిపోయింది. ఒకప్పుడు వయొలిన్ కూడా ఇలాగే బయట నుంచి వచ్చిందేనన్న సంగతి మర్చిపోవద్దు. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ మాండొలిన్‌తో సాధించింది కూడా ఇలాంటి విజయమే.

1980.. జాజ్ స్టేజ్ మీద మలుపు

1980 బొంబాయి జాజ్ ఫెస్టివల్ గోపాల్‌నాథ్ కెరీర్‌ను మార్చేసింది. అక్కడికి అమెరికా శాక్సోఫోన్ కళాకారుడు జాన్ హ్యాండీ వచ్చారు. ఆయనకు మన సంగీతం కొత్తేమీ కాదు. అంతకుముందే సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌తో కలిసి పనిచేశారు. గోపాల్‌నాథ్ వాయింపు విని, మీతో కలిసి వాయించొచ్చా అని హ్యాండీనే అడిగారు. ఒకే వాద్యం, రెండు సంప్రదాయాలు. జనం ఊగిపోయారు.

ఆ తర్వాత ప్రాగ్, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్స్‌లో వాయించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగే బీబీసీ ప్రామ్స్‌కు పిలుపొచ్చింది. ఆ పిలుపు అందుకున్న మొదటి కర్ణాటక సంగీత విద్వాంసుడు ఆయనే.

అదే ఏడాది కె. బాలచందర్ తీసిన తమిళ సినిమా ‘డ్యూయెట్’ వచ్చింది. హీరో ప్రభుది శాక్సోఫోన్ కళాకారుడి పాత్ర. సంగీతం ఏఆర్ రెహమాన్. తెర మీద ప్రభు ఊదుతుంటే మనకు వినిపించేది గోపాల్‌నాథ్ వాయింపు. కచేరీలకు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు కూడా ఈ సినిమాతోనే ఆయన పరిచయమయ్యారు. 2004లో పద్మశ్రీ దక్కింది.

అమెరికా కుర్రాడు, విజయనగరం వయొలిన్

కథ ఇక్కడితో ఆగలేదు. అమెరికాలో పెరిగిన కన్నడ మూలాల రుద్రేశ్ మహంతప్ప జాజ్ శాక్సోఫోన్ నేర్చుకుంటున్న రోజుల్లో వాళ్లన్న సరదాగా ఒక ఆల్బమ్ ఇచ్చాడు. దాని పేరు ‘శాక్సోఫోన్ ఇండియన్ స్టైల్’. అది గోపాల్‌నాథ్ ఆల్బమ్. నవ్వుకోవడానికి ఇచ్చిన ఆ ఆల్బమ్ రుద్రేశ్‌ను ఆలోచనలో పడేసింది. కొన్నేళ్ల తర్వాత ఆయన గోపాల్‌నాథ్‌తోనే కలిసి పనిచేశారు. 2008లో వచ్చిన ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ ఆ కలయిక ఫలితమే. కిన్స్‌మెన్ అంటే చుట్టాలు అని అర్థం.

ఇందులో తెలుగువాళ్లు గర్వపడే విషయం ఒకటుంది. ఆ ఆల్బమ్‌లో వయొలిన్ వాయించింది విజయనగరంలో పుట్టిన ఎ. కన్యాకుమారి. గోపాల్‌నాథ్‌తో ఆమె ఎన్నో కచేరీలు చేశారు. ఆమెకు 2015లో పద్మశ్రీ వచ్చింది.

కోల్‌బెల్టు బ్యాండు కుర్రాళ్లకు ఇందులో ఏముంది?

బ్యాండు పని సీజన్ పని. ముహూర్తాలు ఉంటే చేతినిండా పని, ఆషాఢం వచ్చిందంటే ఖాళీ. డీజే వచ్చాక అదీ తగ్గుతోంది. చాలా ఇళ్లలో తండ్రి తర్వాత కొడుకు ఆ వాద్యం పట్టడం లేదు. ‘బ్యాండోళ్లు’ అని తేలిగ్గా మాట్లాడే అలవాటు కూడా దీనికి ఒక కారణం.

గోపాల్‌నాథ్ జీవితం చూస్తే అందరూ ఆయనలా అయిపోతారని చెప్పలేం. ఆయనకు ఇంట్లోనే నాదస్వరం ఉంది. ఓపిగ్గా నేర్పిన గురువులు దొరికారు. సాధనకు ఏళ్ల టైమ్ దొరికింది. బరాత్‌లో గంటల తరబడి నడుస్తూ ఊదే కుర్రాడికి ఊపిరి బలం ఎలాగూ ఉంటుంది. చెవితో విని పాట పట్టేసే నేర్పూ ఉంటుంది. లేనివల్లా గురువు, స్వరజ్ఞానం, పనిలేని నెలల్లో ఇల్లు గడిచే దారి. ఈ మూడూ అందితే ఆ వాద్యంతోనే ఇంకా దూరం వెళ్లొచ్చు.

గోపాల్‌నాథ్ 2019 అక్టోబర్ 11న మంగళూరులో, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కొడుకు మణికాంత్ కద్రి సినిమా సంగీత దర్శకుడు.

వీడియోలు చూసేటప్పుడు ఒక పని చేయండి. ముందు ఆయన వాయించిన ఏదైనా త్యాగరాజ కీర్తన వినండి. మాటలు వినిపించకపోయినా మన తెలుగు సాహిత్యం ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ సాగుతుందో ఆ ఊపిరిలో తెలిసిపోతుంది. తర్వాత ‘కిన్స్‌మెన్’ పెట్టండి. రెండు శాక్సోఫోన్లలో ఏది ఎవరిదో గుర్తుపట్టడానికి ట్రై చేయండి. స్వరం జారుతూ, ఊగుతూ వెళ్తుంటే అక్కడ ఉన్నది గోపాల్‌నాథ్ అని పట్టేయొచ్చు.