పడిశం పది రోగాల పెట్టు

“పడిశం పది రోగాల పెట్టు” అని మన పెద్దల నానుడి. పడిశము అనే తెలుగు మాటను, ప్రతిశ్యాయము అనే సంస్కృత పదాన్ని పక్కపక్కన ఉంచి పలికితే వాటి చుట్టరికం చెవికే తెలుస్తుంది. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం ఈ వ్యాధికి ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అయితే ముక్కు కారిన ప్రతిసారీ దానిని జలుబని సరిపెట్టుకోవడం వలన ఒక దీర్ఘవ్యాధి మన ఇళ్ళలో పేరు లేకుండానే కాపురం చేస్తున్నది. వైద్యులు దానిని అలర్జిక్ రైనైటిస్ అంటారు. మనం అలర్జీ పడిశం అనవచ్చు. జలుబు వైరస్ వలన వచ్చి, వారం పదిరోజులలో తగ్గిపోతుంది. అలర్జీ పడిశంలో జ్వరం ఉండదు. తెల్లవారగానే వరుస తుమ్ములు, నీళ్ళవంటి స్రావం, ముక్కులోను కళ్ళలోను దురద, ముక్కుదిబ్బడ వారాల తరబడి వేధిస్తాయి. కొందరికి ఏడాది పొడవునా ఉంటాయి. ఇది ఒకరినుండి మరొకరికి అంటదు.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకి పరిసరాలలో ఈ వ్యాధిని గురించి మాట్లాడితే మొదట వినిపించేది మిరప పేరే. సంక్రాంతి దాటిన తరువాత నల్లరేగడి చేల పక్కన కల్లాలు ఎర్రబారుతాయి. కాయలు ఆరబోయడం, ముచ్చికలు తీయడం, తాలుకాయలు వేరుచేయడం, టిక్కీలకు ఎత్తి గుంటూరు యార్డుకు పంపడం వేసవి దాకా సాగుతాయి. ఆ ఘాటుకు తుమ్మనివారు ఉండరు. కాని ఆ తుమ్ము సాధారణంగా అలర్జీ కాదు. మిరపలోని క్యాప్‌సైసిన్ అనే పదార్థం ముక్కులోని నాడుల కొసలను నేరుగా తాకి మంటను పుట్టిస్తుంది. ఆ మంటను గ్రహించే నాడీగ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. మిరపఘాటు అందరినీ తుమ్మిస్తుంది. అలర్జీ కొందరినే తుమ్మిస్తుంది. అయితే అలర్జీతో ముందే వాచి ఉన్న ముక్కుకు కల్లంలోని ఘాటు, దుమ్ము రెట్టింపు బాధ కలిగిస్తాయి. కారణం వేరైనా కష్టం ఒకచోటనే చేరుతుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుండి పాలించిన 14వ శతాబ్దంలో, ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన భోజనంలో మిరపకాయ లేదు. మిరియమే కారం. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి రాక తరువాతనే మన దేశానికి చేరింది. అసలైన అలర్జీని కలిగించే మొక్కలలోనూ ఆ ఖండంనుండి వచ్చినవి రెండున్నాయి. చెరువుకట్టల మీద దట్టంగా అల్లుకున్న సర్కారు తుమ్మ 19వ శతాబ్దంలో వచ్చింది. వయ్యారిభామ అని అందంగా పిలుచుకునే పార్థీనియం 1950వ దశకం మధ్యలో పుణెలో కనిపించి, దేశమంతా పాకింది. ఈ రెండింటి పుప్పొడీ పడిశాన్ని రేపుతుంది. వీటికి తోడు ఇంటిలో పరుపుల్లో, దిండ్లలో నివసించే కంటికి కనబడని ధూళిపురుగులు, తేమగోడల బూజు ఉండనే ఉన్నాయి.

పుప్పొడి హానికరమైనది కాదు. దానిని శత్రువుగా పొరబడడమే అలర్జీ. ఈ పదాన్ని 1906లో ఆస్ట్రియా వైద్యుడు ఫాన్ పిర్కే ప్రవేశపెట్టాడు. శరీరం పుప్పొడికి విరుద్ధంగా ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకొంటుంది. అది మాస్ట్ కణాల మీద కాపు వేసి ఉంటుంది. అదే పుప్పొడి మళ్ళీ తగిలినప్పుడు ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. తుమ్ము, దురద, స్రావం దాని పనులే.

ప్రాణం తీయని జబ్బు కదా అని లోకం దీనిని తేలికగా చూస్తుంది. ముక్కుదిబ్బడతో నోరు తెరచి నిద్రించేవానికి నిద్ర నిండదు. పగలు చదువు తలకెక్కదు. ఎన్ని కిలోల ముచ్చికలు తీస్తే అంత కూలి అనే చోట మాటిమాటికీ కొంగుతో ముక్కు తుడుచుకొనే స్త్రీ కూలి తగ్గుతుంది. తుమ్మును అపశకునంగా భావించే మన సమాజంలో, ముహూర్తవేళ తుమ్ము వస్తుందేమోనని పెళ్ళిపందిట్లో వెనుకగా కూర్చునేవారి బాధ ఏ పరీక్షలోనూ బయటపడదు. దీనిని కొలవడానికే 1991లో కెనడాలో జూనిపర్, గయాట్ అనే పరిశోధకులు 28 ప్రశ్నల జాబితాను రూపొందించారు. నిద్ర, పనులు, మానసిక స్థితి అన్నీ అందులో ఉన్నాయి. ఆ తరువాత 2001లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా నిద్ర, చదువు, పని ఎంత చెడుతున్నాయన్న దానిని బట్టే వ్యాధి తీవ్రతను నిర్ణయించాయి. తుమ్ముల లెక్క కంటె మనిషి బతుకు లెక్క ముఖ్యమని వైద్యం అంగీకరించిందన్నమాట.

విద్యార్థులు గమనించదగిన విషయం మరొకటి. 2007లో బ్రిటనులో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పుప్పొడి అలర్జీతో బాధపడుతూ వేసవి పరీక్షలు రాసినవారిలో చలికాలపు నమూనా పరీక్ష కంటె గ్రేడు తగ్గే అవకాశం సుమారు 40 శాతం ఎక్కువ. నిద్రమత్తు కలిగించే పాత హిస్టమిన్ నిరోధకాలు వాడినవారిలో అది 70 శాతం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే చవక మాత్ర ఎంత ఖరీదైనదో దీనిని బట్టి ఊహించవచ్చు. లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి తరువాతి తరం మందులలో ఈ మత్తు చాలా తక్కువ.

వ్యాధి విడవకుండా ఉన్నవారికి ప్రధానమైన చికిత్స ముక్కులో కొట్టుకొనే స్టిరాయిడ్ స్ప్రే. స్టిరాయిడ్ అనగానే భయపడేవారు ఎక్కువ. ఇందులోని మోతాదు అతిస్వల్పం. అది చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడిచేతితో ఎడమ రంధ్రంలోకి, ఎడమచేతితో కుడి రంధ్రంలోకి, మధ్యగోడకు తగలకుండా చెవివైపు కొట్టుకోవాలి. గట్టిగా ఎగపీల్చరాదు. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పట్టవచ్చు. రెండు రోజులు వాడి ‘పనిచేయలేదు’ అని పారవేయడం వలననే చాలామందికి నయం కాదు. దీనికి భిన్నంగా జైలోమెటజొలిన్ వంటి ముక్కుచుక్కలు క్షణాల్లో దిబ్బడ విప్పుతాయి. ఆ సుఖం మరిగి వారాల తరబడి వేసుకొంటే దిబ్బడ మునుపటికంటె బిగుసుకొంటుంది. మూడు నుండి అయిదు రోజులకు మించి వాటిని వాడరాదు.

కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, దుప్పట్లను వారానికొకసారి వేడినీటిలో ఉతకడం, వయ్యారిభామను పూతకు రాకముందే చేతితొడుగులతో పీకివేయడం ఖర్చులేని ఉపాయాలు. కల్లంలో పనిచేసేవారికి కొంగు చాలదు. ముఖానికి ఒదిగే మాస్కు, కళ్ళద్దాలు కావాలి. మందులకు లొంగనివారికి, పడని వస్తువునే స్వల్పమోతాదులలో ఇస్తూ శరీరాన్ని అలవాటుపరచే చికిత్స ఉన్నది. 1911లో లండనులో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో దీనిని ఆరంభించాడు. మూడునుండి అయిదేళ్ళు ఓపికగా సాగించాలి. నిపుణుని పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఇక సామెతలోని పది రోగాల మాట. సైనసైటిస్, చెవిలో నీరు చేరడం మొదలైనవి ఈ పడిశాన్ని అనుసరించి వస్తాయి. అన్నింటికంటె జాగ్రత్తపడవలసినది ఉబ్బసం. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారికి రెండు కొసలు. పడిశంతో పాటు రాత్రివేళ పొడిదగ్గు, ఛాతీలో పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం కనిపిస్తే ఆ రోగిని ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి.