గల్లాపెట్టెలో బిట్‌కాయిన్‌!

పొద్దున వంద రూపాయల సరుకు అమ్మారు. గల్లాపెట్టెలో వేసిన ఆ వంద సాయంత్రానికి ఎనభై అయిపోతే? ఆన్‌లైన్‌ దుకాణం తెరిచి బిట్‌కాయిన్లు తీసుకుందామనుకునేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

వీడియో గేమ్‌లు అమ్మే అమెరికా సంస్థ వాల్వ్‌కు ఇది అనుభవమే. 2016లో తన ఆన్‌లైన్‌ దుకాణం ‘స్టీమ్‌’లో బిట్‌కాయిన్లు తీసుకోవడం మొదలుపెట్టిందా సంస్థ. అప్పట్లో ఒక్కో చెల్లింపుకీ అయ్యే రుసుము సుమారు 20 సెంట్లు. 2017 డిసెంబరుకల్లా అది 20 డాలర్ల దాకా వెళ్లింది. పైగా చెల్లింపు గడువులోగా పూర్తికాకపోతే ఈలోపు బిట్‌కాయిన్‌ ధర మారిపోయేది. తక్కువైతే కొన్నవాళ్లు మళ్లీ కట్టాలి, ఎక్కువైతే సంస్థ తిరిగివ్వాలి. ఎటు చూసినా మరోసారి రుసుము! దాంతో ఆ నెలలోనే వాల్వ్‌ బిట్‌కాయిన్లకు స్వస్తి చెప్పింది.

అదే నెలలో 20 వేల డాలర్లకు చేరువైన బిట్‌కాయిన్‌... ఏడాది తిరిగేసరికి నాలుగు వేల దిగువకు పడిపోయింది. దాంతోపాటు అద్దె, జీతాలు తగ్గవు కదా! అందుకే తెలివైన వ్యాపారులు ధరను డాలర్లలోనే పెడతారు. వచ్చిన బిట్‌కాయిన్లను మధ్యవర్తి సంస్థ ద్వారా వెంటనే డాలర్లలోకి మార్చేసుకుంటారు.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. 2022 ఏప్రిల్‌ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. దుకాణం తెరిచే ముందే ఈ లెక్కలన్నీ వేసుకోండి మరి!