తెలుగు బైబిలులోని కొలతలు – ప్రసంగికుడు గమనించవలసిన సంగతులు

మన తెలుగు పరిశుద్ధ గ్రంథపు పాత అనువాదం సిద్ధమైన రోజులలో ఈ దేశంలో కిలో, లీటరు, మీటరు వాడుకలో లేవు. అందుచేత అనువాదకులు హెబ్రీ, గ్రీకు కొలతలకు పల్లె ప్రజల నోట ఉన్న మూర, జేన, మానిక, కుంచము, తూము, తులము, మణుగు, కోసు, ఆమడ అనే మాటలు వాడారు. అది మెచ్చుకొనదగిన పనే. అయితే 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. తరువాత కొద్ది సంవత్సరాలలోనే పాత కొలతలు అంగడి నుండి తొలగిపోయాయి. నేడు మన సంఘాలలో ఉన్న యౌవనస్థులకు కుంచము ఎంతో తెలియదు. తెలిసిన పెద్దలకు వేరొక చిక్కు ఉంది: వారు తమ ఊరి కుంచమునే వాక్యంలో చూస్తారు. ఈ రెండు చిక్కులను కొన్ని ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. కొలతలకు మూలం

పూర్వకాలపు కొలతలు మనిషి దేహం నుండి, పనిపాటల నుండి పుట్టాయి. మోచేతి నుండి నడిమి వేలి కొన వరకు ఉన్న పొడవే మూర. హెబ్రీయుల 'అమ్మా' కూడా అదే. కాని మనుష్యుల చేతులు ఒక్కలా ఉండవు గనుక రాజ్యాలు ప్రమాణాన్ని నిర్ణయించవలసి వచ్చింది. ఐగుప్తు రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు. యూదాలో వాడిన మూర దానికంటె చిన్నది. 1880లో యెరూషలేములో దొరికిన సిలోయము శాసనం ఆ సొరంగం పొడవును 1,200 మూరలని చెబుతుంది. సొరంగం సుమారు 533 మీటర్లు. అనగా మూర 44 సెంటీమీటర్ల పైచిలుకు. శాసనంలోని 1,200 గుండుగా చెప్పిన లెక్క కావచ్చును గనుక దీనిని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. యెహెజ్కేలు 40:5లో మూరకు బెత్తెడు ఎక్కువైన మరొక కొలత కనబడుతుంది. కాబట్టి బైబిలులో కూడా మూర అన్నిచోట్ల ఒకటే కాదు.

2. మూడు మాటలు, ఒకే కొలత

ఆదికాండము 18:6లో శారా పిసికినది మూడు మానికల పిండి. మత్తయి 13:33 ఉపమానంలో స్త్రీ పులిసిన పిండిని దాచినది మూడు కుంచముల పిండిలో. న్యాయాధిపతులు 6:19లో గిద్యోను సిద్ధపరచినది తూమెడు పిండితో. మన తెలుగు లెక్క ప్రకారం నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము. ఈ లెక్కన చదివితే ఉపమానంలోని పిండి శారా పిండికి నాలుగింతలు, గిద్యోను పిండి అంతకంటె ఎక్కువ అనిపిస్తుంది.

మూలభాషలలో ఈ మూడూ ఒకే పరిమాణం. శారా విషయంలో ఉన్న హెబ్రీ మాట 'సెయా'. మత్తయిలోని 'సాతోన్' దానికి గ్రీకు రూపమే. మూడు సెయాలు ఒక ఏఫా. గిద్యోను విషయంలో ఉన్న మాట ఏఫా. ఇది తెలిసినప్పుడు ప్రభువు ఉపమానం విన్న యూదులకు అబ్రాహాము గుడారము గుర్తుకు వచ్చి ఉండవచ్చునని మనం గ్రహించగలం. తెలుగులో మానిక, కుంచము వేరువేరు మాటలు కావడంతో ఆ సంబంధం మరుగునపడింది.

ఏఫా ఎంత? యెహెజ్కేలు 45:11 ప్రకారం ఏఫాయు, ద్రవముల కొలత అయిన బత్తును ఒకే పరిమాణం. త్రవ్వకాలలో బత్తు అని వ్రాసిన జాడీల ముక్కలను బట్టి కొందరు పండితులు దానిని సుమారు 22 లీటర్లుగా లెక్కించారు. ఒక సెయా రోమీయుల మోదియసుకు ఒకటిన్నర రెట్లని జోసీఫసు వ్రాశాడు. ఆ లెక్కన ఏఫా 39 లీటర్ల వరకు వస్తుంది. తక్కువ లెక్క తీసుకొన్నా పిండి పది కిలోలకు పైమాటే. ముగ్గురు అతిథులకు అంత రొట్టె అవసరం లేదు. అబ్రాహాము ఆతిథ్యం ఎంత ధారాళమైనదో ఈ కొలతే చెబుతుంది.

3. తులము, మణుగు

షెకెలుకు తులము అనే మాట చక్కగా సరిపోయింది. యూదాలో దొరికిన తూనికరాళ్లను బట్టి షెకెలు సుమారు 11.4 గ్రాములు. ఆంగ్లేయుల కాలంలో రూపాయి ఎత్తుగా నిలిచిన తులము 11.66 గ్రాములు. కాని నేడు నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములు.

మణుగు విషయం వేరు. నిర్గమకాండము 38:25, 26లో 6,03,550 మంది తలకు అరతులము చొప్పున ఇచ్చిన వెండి నూరు మణుగుల 1,775 తులములు. లెక్కించి చూడండి: మణుగుకు 3,000 తులములు, అనగా సుమారు 34 కిలోలు. మదరాసు రాజధానిలో చెలామణి అయిన మణుగు ఎనిమిది వీసెలు, సుమారు 11 కిలోలు మాత్రమే. ఆ మణుగుతో లెక్కకట్టిన పాఠకునికి మందిరపు వెండి మూడోవంతే కనబడుతుంది.

4. కోసు, ఆమడ

యోహాను 11:18లో బేతనియ దూరం గ్రీకులో 15 స్తాదియలు, తెలుగులో కోసెడు. లూకా 24:13లో ఎమ్మాయు దూరం 60 స్తాదియలు, తెలుగులో ఆమడ. నాలుగు కోసులు ఒక ఆమడ గనుక నిష్పత్తి సరిగ్గా కుదిరింది. స్తాదియ సుమారు 185 మీటర్లు. ఎమ్మాయు దారి సుమారు 11 కిలోమీటర్లు. సాయంకాలమైన తరువాత ఆ ఇద్దరు శిష్యులు లేచి నడిచినది మళ్లీ అంత దూరమే.

5. కొలత, నీతి

ఆమోసు 8:5లో వర్తకులు తూము చిన్నది చేసి, రూపాయి ఎత్తు పెద్దది చేశారు. ఇక్కడ తూము ఏఫా, రూపాయి ఎత్తు షెకెలు. అప్పటికి ఇశ్రాయేలులో నాణేలు లేవు. కొనేవాడు వెండిని తూచి ఇచ్చేవాడు. చిన్న ఏఫాతో ధాన్యం తక్కువ పోస్తారు, బరువైన రాయితో వెండి ఎక్కువ తీసుకొంటారు. ఒక్క బేరంలో బీదవాడు రెండుసార్లు నష్టపోతాడు. ద్వితీయోపదేశకాండము 25:13-16 సంచిలో రెండు రకాల రాళ్లు ఉండకూడదని ఆజ్ఞాపించడానికి కారణం ఇదే. న్యాయమైన కొలత దేవుని ప్రజల ఆరాధనకు వెలుపలి సంగతి కాదు.

ముగింపు

ప్రసంగం సిద్ధపరచేటప్పుడు మూడు సంగతులు పాటించడం మేలు. మొదట, తెలుగు మాట వెనుక ఉన్న మూలపదం ఏదో చూడాలి. రెండవది, నేటి లెక్క చెప్పేటప్పుడు 'సుమారు' అనే మాట విడువకూడదు. మూడవది, అంకె చెప్పి ఊరుకోక, ఆ పరిమాణం ఆనాటి వినువారికి ఎంత భారమో, ఎంత సమృద్ధియో తెలియజేయాలి. మన ప్రజలకు కావలసినది లీటర్ల పట్టిక కాదు, వాక్యం చెప్పిన మాట తూకం తప్పకుండా వారికి అందడం.